గుల్‌మార్గ్ మంచుకు వరంగల్ నుంచి: స్కీయింగ్ సంఘాన్నీ, దాని విడిది ఇంటినీ ఒక శీతాకాలం నడిపే విధానం

తెలంగాణలో మంచు కురవదు. ఆదిలాబాద్ వైపు కొన్ని ఏళ్లలో చలి ఐదు డిగ్రీల లోపుకు దిగినా, అది గొంగడి కప్పుకొని మంట ముందు కూర్చుంటే తీరే చలి. అందువల్ల స్కీయింగ్ మీద ఆసక్తి కలిగిన మన ప్రాంతం వారు సాధారణంగా ఐదారు రోజుల ప్యాకేజీలో కశ్మీర్‌కు గానీ ఉత్తరాఖండ్‌లోని ఔలీకి గానీ వెళ్తారు. రాకపోకల అలసటకు కొంత, వాతావరణం అనుకూలించక కొంత సమయం పోగా, కాళ్లకు స్కీలు అలవాటయ్యే వేళకు తిరుగు రైలు ఎక్కవలసి వస్తుంది. దీనికి బదులు పది పదిహేను మంది సభ్యులు సంఘంగా ఏర్పడి, జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ దగ్గర ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, విడతలుగా వెళ్లి ఉండి, నిదానంగా నేర్చుకునే పద్ధతి ఎంతో మేలైనది. స్కీయింగ్ నేర్పే శిక్షకులు అక్కడే దొరుకుతారు. గడ్డకట్టే చలిలో పదిమంది కలిసి ఉండే ఇంటిని క్షేమంగా నడపడం మాత్రం ఎవరూ నేర్పరు. దాన్ని మనమే ఇక్కడ కూర్చుని ముందుగా తేల్చుకోవాలి కనుక ఈ వ్యాసంలో దాని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

సంఘం, డబ్బు

పని వర్షాకాలంలోనే మొదలుపెట్టాలి. క్రీడల కోసం ఏర్పడే సంఘాన్ని 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. దానికి కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. సంఘం ఉద్దేశాలనూ నియమావళినీ రాసుకొని జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో దాఖలు చేయాలి. స్నేహితుల బృందానికి ఇంత హంగామా ఎందుకని కొందరు అడుగుతారు. ఇంటి యజమానికి బయానా ఇవ్వడానికి, శిక్షణ సంస్థకు ఉత్తరం రాయడానికి, అందరి డబ్బును ఒకరి సొంత ఖాతాలో పెట్టకుండా సంఘం పేరిట ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతాలో ఉంచడానికి నమోదు అవసరం. స్నేహాలు చెడేది ఎక్కువగా లెక్కల దగ్గరే కనుక ఈ శ్రమకు వెనుకాడకూడదని నా అభిప్రాయం.

సభ్యుల నుంచి మూడు రకాల సొమ్ము విడివిడిగా తీసుకోవడం మంచిది. మొదటిది ఏడాది చందా. రెండవది ఇంటి అద్దెలో వాటా; సభ్యుడు వెళ్లినా వెళ్లకపోయినా ఇది తిరిగి రాదు, అయితే తన విడతను మరో సభ్యునికి బదలాయించుకోవచ్చు. మూడవది అక్కడి తిండి, కట్టెలు, వాహనాల కోసం రోజుల లెక్కన తీసుకునే ఖర్చు. ఇందులో మిగిలినది తిరిగి ఇచ్చేయాలి. అద్దె వాటా తిరిగి రాదన్న నియమాన్ని మొదటి సమావేశంలోనే చదివి వినిపించి సంతకాలు తీసుకోవాలి. జనవరిలో ఎవరింట్లోనో పెళ్లి కుదురుతుంది, ఎవరికో సెలవు దొరకదు. ఆ భారం మిగిలిన వారి మీద పడకూడదు.

కాలం, తావు

కశ్మీరీలు తమ శీతాకాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబర్ 21న మొదలై నలభై రోజులు సాగేది చిల్లై కలాన్, ఆ తర్వాత ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చివరి పది రోజులు చిల్లై బచ్చా. తీవ్రమైన చలి మొదటి భాగంలోనే ఉంటుంది గానీ, మంచు లోతుగా పేరుకొని వాలులు చదునై కొత్తవారికి అనువుగా మారేది ఎక్కువగా ఆ భాగం చివరి నుంచి రెండవ భాగం ముగిసేదాకా. అక్కడి మంచు మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చే వాతావరణ అలజడులు తెచ్చేది కనుక అది ఏటా ఒకే తేదీకి రాదు. 2024 జనవరిలో చాలా రోజుల పాటు గుల్‌మార్గ్ పచ్చిక మైదానం మంచు లేకుండా గోధుమ రంగులో కనిపించింది. అదే ఫిబ్రవరిలో భారీగా కురిసింది. క్రిస్మస్ సెలవులకు వెళ్దామన్న పట్టుదలను వదులుకొని, సంక్రాంతి ఇంట్లో జరుపుకొని, సకినాల డబ్బాతో బయలుదేరడం అన్ని విధాలా మంచిది.

గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి గొండోలా (తీగ మీద నడిచే కేబుల్ కారు) మొదటి అంచె కొంగ్‌డూరీకి, రెండవ అంచె దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వట్ పర్వతం భుజం మీదికి చేరుస్తుంది. ఇల్లు మాత్రం గుల్‌మార్గ్‌లో కాక, 13 కిలోమీటర్లు కింద ఉన్న టంగ్‌మార్గ్‌లో వెతకాలని నా సలహా. అద్దె తక్కువ, బజారు దగ్గర, పైగా తక్కువ ఎత్తులో నిద్రపోవడం మన వంటి మైదానపు వారి శరీరానికి తేలిక. దీనిలో ఒక లోపం ఉంది: రోజూ చక్రాలకు గొలుసులు బిగించిన వాహనంలో పైకి వెళ్లాలి, మంచు బాగా కురిసిన రోజు దారి మూసివేస్తారు. అలాంటి రోజులు వస్తాయని ముందే లెక్కలో వేసుకుంటే అది పెద్ద నష్టంగా తోచదు.

బయలుదేరే ముందు సాధన

హనుమకొండ సముద్ర మట్టానికి మూడు వందల మీటర్ల లోపే ఉంది. గుల్‌మార్గ్‌లో గాలి పీడనం సముద్ర తీరంలో ఉండే దానిలో నాలుగింట మూడు వంతులు మాత్రమే. ఆ తేడాకు శరీరాన్ని ఇక్కడి నుంచే అలవాటు చేయడం సాధ్యం కాదు. కాళ్లను మాత్రం సిద్ధం చేయవచ్చు. స్కీయింగ్‌లో బరువంతా వంచిన మోకాళ్ల మీద, తొడల మీద పడుతుంది. అందుకే అక్టోబర్ నుంచి గుంజీళ్లు, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడటం, ఒంటికాలి మీద నిలకడ, మెట్లు దిగడం సాధన చేయాలి. ఎక్కడం కంటే దిగడమే ఇక్కడ ముఖ్యం, ఎందుకంటే వాలులో తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపవలసి వస్తుంది. పద్మాక్షి గుట్ట, కోటలోని ఏకశిల గుట్ట ఇందుకు చక్కగా పనికివస్తాయి. దమ్ము పెంచుకోవడానికి భద్రకాళి చెరువు కట్ట మీద వేగపు నడక చాలు. చక్రాల స్కేటింగ్ వచ్చిన పిల్లలు మంచు మీద పెద్దల కంటే త్వరగా నిలదొక్కుకుంటారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కడానికి తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. మంచు లేని నేల నుంచి వెళ్తున్నామనే సంకోచం అక్కరలేదు.

సామగ్రి, ప్రయాణం

స్కీలు, బూట్లు, కర్రలు ఇక్కడి నుంచి కొనుక్కొని మోసుకుపోనవసరం లేదు. గుల్‌మార్గ్‌లో అద్దెకు దొరుకుతాయి. కొనవలసింది ఒంటి మీది బట్టలు. నూలు బనియన్లు, జీన్స్ పూర్తిగా మానాలి. నూలు చెమటను పట్టి ఉంచుతుంది, తడిసిన నూలు ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని గానీ సింథటిక్ గానీ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీరు దిగని కోటు, ప్యాంటు వేసుకోవాలి. బూటులో ఒక్క జత మేజోళ్లే తొడగాలి. రెండు జతలు వేస్తే రక్త ప్రసరణ తగ్గి పాదాలు మరింత చల్లబడతాయి. కొత్త మంచు సూర్యుని అతినీలలోహిత కిరణాలలో అధిక భాగాన్ని తిప్పికొడుతుంది కనుక ముదురు కళ్లద్దాలు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మన రంగుకు ఎండ ఏం చేస్తుందిలే అనుకున్న వారి పెదవులూ ముక్కూ రెండవ రోజుకే పగులుతాయి, కళ్లలో ఇసుక పోసినంత మంట పుడుతుంది.

ప్రయాణానికి కాజీపేటలో ఆగే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ చేరి అక్కడి నుంచి విమానంలో శ్రీనగర్ వెళ్లవచ్చు. పూర్తిగా రైలులోనే వెళ్లాలనుకునే వారికి వరంగల్‌లో ఆగే అండమాన్ ఎక్స్‌ప్రెస్ కట్రా దాకా ఉంది. అయితే అది వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. కట్రా నుంచి శ్రీనగర్‌కు 2025 జూన్ నుంచి వందే భారత్ రైలు నడుస్తోంది కనుక జమ్మూ–శ్రీనగర్ రహదారి మూసుకుపోయినప్పుడు పడే అవస్థ చాలావరకు తీరింది. రైలు టికెట్లు అరవై రోజుల ముందు తెరుచుకుంటాయి. ఆ ఉదయమే టికెట్లు తీసే బాధ్యతను ఒక సభ్యునికి అప్పగించాలి. తిరుగు ప్రయాణానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. ప్రతి విడతలో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉండాలి. బీమా ఉన్నవారు తమ పాలసీ స్కీయింగ్ గాయాలకు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. సాహస క్రీడలను మినహాయించే పాలసీలు చాలా ఉన్నాయి. భద్రత విషయంలో అక్కడి జిల్లా యంత్రాంగం ప్రకటనలనే ప్రమాణంగా తీసుకోవాలి.

విడిది ఇల్లు

ఇల్లు మాట్లాడుకునేటప్పుడు గదుల సంఖ్య కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. బుఖారీ (గదిని వేడి చేసే పొయ్యి) గొట్టం పైకప్పు బయటి దాకా సరిగా ఉందా, గీజర్ స్నానాల గది లోపల ఉందా బయట ఉందా, నీళ్ల పైపులు గడ్డకడితే ప్రత్యామ్నాయం ఏమిటి, కరెంటు పోతే ఇన్వర్టర్ గానీ జనరేటర్ గానీ ఉందా, కట్టెలు ఎవరు తెస్తారు. వీటికి యజమాని తడుముకోకుండా జవాబిస్తే ఆ ఇల్లు శీతాకాలంలో మనుషులు నిజంగా కాపురం చేసేదని తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం పొగ కూడా కనిపించని విష వాయువు. బుఖారీ, కాంగ్డీ (చేత పట్టుకునే నిప్పుల కుంపటి), గ్యాస్ హీటర్, గ్యాస్ గీజర్, వీటిలో ఏదైనా మూసిన గదిలో మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. కశ్మీర్‌లో ప్రతి శీతాకాలం దీనివల్ల ప్రాణాలు పోతుంటాయి. మనకు ఇంకొక ప్రమాదం అదనంగా ఉంది: ఆ విషం మొదటి లక్షణాలైన తలనొప్పి, వికారం, మగత, ఎత్తు ప్రదేశాలకు కొత్తగా వెళ్లిన వారికి కలిగే లక్షణాలను పోలి ఉంటాయి. కొత్త సభ్యుడు తలనొప్పి అంటే ఎత్తు పడలేదులే అని దుప్పటి కప్పి పడుకోబెట్టడం ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల విడిదిలో ఎవరికి తలనొప్పి వచ్చినా మొదట కిటికీలు తెరిచి, మంటలన్నీ ఆర్పి, అందరినీ గది బయటికి తేవాలి; ఆ తర్వాతే ఎత్తు సంగతి ఆలోచించాలి. ఒకే గదిలో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వస్తే సందేహించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. పడకకు ముందు నిప్పు పూర్తిగా ఆరిందని ఆ రోజు వంతు సభ్యుడు చూసి పుస్తకంలో సంతకం చేయాలి. నిప్పుతో నిద్రపోకూడదన్న ఈ నియమానికి పెద్దలకు గానీ పిల్లలకు గానీ ఎలాంటి సడలింపూ ఇవ్వకూడదు. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొని ప్రతి విడతకూ అప్పగించడం సంఘం చేయగల అత్యుత్తమ ఖర్చు.

వంట విషయం కూడా ఇక్కడి లెక్కతో నడవదు. గుల్‌మార్గ్ ఎత్తులో నీళ్లు 91 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, టంగ్‌మార్గ్‌లో కొంచెం ఎక్కువ. అందుకే మూత పెట్టిన గిన్నెలో కందిపప్పు చాలాసేపు ఉడికించినా బద్దలుగానే ఉంటుంది. పెద్ద ప్రెషర్ కుక్కర్లు రెండు తప్పక ఉండాలి. గ్యాస్ సిలిండర్‌ను రైలులో తీసుకుపోవడం నిషిద్ధం. అక్కడే యజమాని ద్వారా ఏర్పాటు చేసుకోవాలి. బియ్యం, ఉల్లి, ఆలుగడ్డ, మాంసం అన్నీ అక్కడే దొరుకుతాయి. ఇంటి నుంచి కారం, పసుపు, చింతపండు, తొక్కు, పల్లి పట్టీలు, సకినాలు, గరిజెలు తీసుకుపోతే చాలు. మధ్యాహ్నం వాలు మీద జేబులోంచి తీసి తినడానికి పల్లి పట్టీ కంటే మంచిది లేదు. చలికి అది గట్టిపడుతుంది కనుక లోపలి జేబులో పెట్టుకోవాలి. ఉదయం వేడి అన్నం, పప్పు తిని వెళ్లిన వారు మధ్యాహ్నం దాకా నిలుస్తారు. చలిలో దాహం తెలియదు కాబట్టి ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పట్టుకెళ్లడం అలవాటు చేసుకోవాలి.

ఇంటి పనులను వంతులుగా పంచి గోడకు అంటించాలి: వంట, కట్టెలు, మెట్ల మీది మంచు ఊడ్చడం, రాత్రికి డ్రమ్ములలో నీళ్లు నింపి కుళాయిని సన్నని ధారగా వదలడం. ధార పారుతూ ఉంటే పైపు అంత సులువుగా గడ్డకట్టదు. చూరు కింద ఎవరూ నిలబడకూడదు. రేకుల కప్పు మీది మంచు మధ్యాహ్నపు ఎండకు ఒక్కసారిగా జారిపడుతుంది. తడి బూట్లను బుఖారీకి ఆనించి ఆరబెట్టకూడదు. లోపలి మెత్తను బయటికి తీసి, బూటులో పాత వార్తాపత్రిక కాగితం కూరి, వెచ్చని గదిలో ఉంచితే తెల్లవారేసరికి ఆరుతుంది. వంట పని అక్కలకూ వదినలకూ వదిలేసి మగవాళ్లు ఉదయమే వాలు మీదికి వెళ్లిపోయే విడిది రెండవ ఏడాది నిలవదు. వంతు అందరికీ సమానంగానే వేయాలి.

తలుపు దగ్గర ఒక రాకపోకల పుస్తకం ఉండాలి. ఎవరు, ఎవరితో, ఏ వాలుకు వెళ్తున్నారో, ఏ వేళకు తిరిగి వస్తారో రాసి వెళ్లాలి. రాసిన వేళ దాటి గంట గడిస్తే ఇంట్లో ఉన్నవారు ఫోన్ చేయాలి, జవాబు రాకపోతే శిక్షకునికీ వాలుల మీద గస్తీ తిరిగే స్కీ పెట్రోల్‌కూ తెలపాలి. ఈ పుస్తకం రాయడాన్ని చిన్నతనంగా భావించే సభ్యుడు ఎంత నైపుణ్యం గలవాడైనా విడిదికి తగడు.

వాలు మీద

చేరిన మొదటి రోజు ఎవరూ స్కీలు తొడగకూడదు. నడవడం, నీళ్లు తాగడం, నిద్రపోవడం చాలు. రెండవ రోజు నుంచి శిక్షణ. గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ కింద ఉన్న భారతీయ స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ కోర్సులు నడుపుతుంది. సంఘం పేరిట ముందుగా ఉత్తరం రాస్తే ఒకే బృందంగా చేరే వీలు అడగవచ్చు. లేదంటే అనుమతి ఉన్న స్థానిక శిక్షకుణ్ణి నలుగురైదుగురికి ఒకరి చొప్పున మాట్లాడుకోవాలి. వేగంగా జారడం వచ్చిన స్నేహితుడు శిక్షకుడు కాలేడు.

బూటు మడమను కదలనివ్వకుండా పట్టాలి, కాలి వేళ్లు మాత్రం ఆడాలి. స్కీకి బూటును పట్టి ఉంచే బైండింగ్ బిగింపును బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి అమర్చాలి. పడినప్పుడు స్కీ ఊడకపోతే మోకాలి లిగమెంట్ తెగుతుంది. అద్దె దుకాణంలో బరువు అడిగితే సిగ్గుపడి తగ్గించి చెప్పకూడదు, గొప్పకు నైపుణ్యం ఎక్కువ చెప్పకూడదు. మొదట నేర్చుకోవలసింది పడటం, లేవడం: పక్కకు ఒరిగి పడాలి, చేతిలోని కర్రను వదిలేయాలి. కర్రను పట్టుకునే పడితే బొటనవేలి కీలు దెబ్బతింటుంది. ఆ తర్వాత ముందు మొనలను దగ్గరగా, వెనక చివరలను దూరంగా ఉంచి లోపలి అంచులను మంచులోకి నొక్కుతూ వేగం తగ్గించే స్నోప్లౌ. ఎక్కడంటే అక్కడ ఆగగలిగే దాకా కుర్చీ లిఫ్ట్ జోలికి పోకూడదు.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రవర్తనా నియమాలు పది ఉన్నాయి. ప్రతి సభ్యుడూ వాటిని రైలులోనే చదవాలి. వాటిలో కీలకమైనది ఇది: కింద, ముందు వెళ్తున్న వారికే దారి మీద మొదటి హక్కు, తప్పుకోవలసింది పై నుంచి వచ్చేవారే. ఇరుకైన చోట, పైవారికి కనిపించని మలుపు కింద ఆగకూడదు. మధ్యాహ్నం మూడు దాటాక కాళ్లు అలసిపోతాయి, నీడ పడిన వాలు గట్టిపడుతుంది. "అన్నా, ఇంకొక్కసారి పోయి వస్త" అన్నవాణ్ణి ఆ వేళ ఆపడం ఆ విడతకు పెద్దగా ఉన్న సభ్యుని బాధ్యత.

హద్దుల విషయంలో రాజీ ఉండకూడదు. గొండోలా రెండవ అంచె నుంచి దిగితే, గస్తీ ఉన్న హద్దులకు బయట విశాలమైన వాలులు రారమ్మని పిలుస్తాయి. ప్రపంచం నలుమూలల నుంచి ఆరితేరినవారు వచ్చేది వాటి కోసమే. హిమపాతం (వాలు మీది మంచు పెళ్లలుగా విరిగి కిందికి దూసుకురావడం) జరిగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్న వాలులలోనే, అంటే స్కీయింగ్‌కు అత్యంత ఆకర్షణీయమైన చోట్లలోనే. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా దేశస్థుడు అక్కడి హిమపాతాలలో మరణించారు. మంచు కింద చిక్కినవారు బతికే అవకాశం మొదటి పావుగంట తర్వాత వేగంగా పడిపోతుంది. అంతలో కింది నుంచి ఎవరూ వచ్చి చేరలేరు, వెంట ఉన్నవారే సంకేతాలు పంపే, పట్టే ట్రాన్సీవర్‌తో వెతికి, ప్రోబ్ అనే పొడవైన కడ్డీ గుచ్చి, పారతో తవ్వి తీయాలి. ఆ మూడు పరికరాలూ, వాటిలో శిక్షణా, స్థానిక గైడూ లేకుండా హద్దు దాటిన సభ్యుణ్ణి మరుసటి రోజే ఇంటికి పంపించాలని నియమావళిలో రాసుకోవాలి. పంపించాలి కూడా.

తిరిగి వచ్చాక

చివరి విడత వారు ఇంటి సామాను జాబితా చూసి యజమానికి అప్పగించి, పగిలిన వాటికి అక్కడికక్కడే డబ్బు చెల్లించాలి. ఉన్ని బట్టలు, చేతి తొడుగులు, కళ్లద్దాలను మార్చి నెల ఎండలో ఆరబెట్టి, వేపాకు వేసి మూట కట్టాలి. వానాకాలపు తేమకు చేతి తొడుగుల తోలు బూజు పడుతుంది. సర్వసభ్య సమావేశం ఏప్రిల్ దాటకుండా జరిపి, విడతల వారీ ఖర్చు చదివి, మిగిలిన సొమ్ము పంచి, రాకపోకల పుస్తకాన్నీ నిప్పు ఆర్పిన సంతకాల పుస్తకాన్నీ బల్ల మీద పెట్టి అందరికీ చూపించాలి. సంతకం లేని రాత్రులు ఉంటే ఎందుకు లేవో ఆ విడత పెద్ద చెప్పాలి. ఇల్లు నచ్చినట్టయితే అదే సమావేశంలో తీర్మానం చేసి వచ్చే సీజన్‌కు బయానా పంపించాలి; సెప్టెంబర్ దాటితే మంచి గొట్టం, మంచి కప్పు ఉన్న ఇళ్లు టంగ్‌మార్గ్‌లో దొరకడం కష్టం.